అనిక వెనక గిటారు

మెత్తగా కొట్టాలి, అరచేతులు రెండూ గుంట చేసి, పాడే మనిషి గొంతు మీద పడకుండా కొట్టాలి అని గిటారు మాస్టారు గ్లెన్ ఎన్నిసార్లు చెప్పాడో, అయినా నళిని చేతులకి చప్పట్లంటే టపటపా మోగడమే తెలుసు, ఏళ్ళ తరబడి తాళం వేసిన చేతులు కదా, ఎక్కడ వింటాయి, ఇవాళ మాత్రం వింటున్నాయి, ఎందుకంటే మనసు చప్పట్ల మీద లేదు, గ్యారేజీ పక్క తలుపు మీద ఉంది, ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా తల అటు తిరుగుతోంది, ఇందాక తెరుచుకుంటే ఎవరో ఆలివ్‌ల డబ్బా పట్టుకుని వచ్చారు, ఇంకోసారి తెరుచుకుంటే ఈ ఇంటావిడ పిలార్ కుక్క వచ్చింది, తడిసిన కుక్క, అందరి మీదా ఒళ్ళు దులుపుకుని పోయింది, కూతురు అనిక మాత్రం రాలేదు. వస్తుందా? వస్తానందిట. శశికాంత్ చెప్పాడు. "మీ అమ్మ గూడ వస్తది ఆడికి, గిటారు పట్టుకొని" అని ఆయన ఫోన్‌లో చెప్తే కూతురు "ఓకే" అందిట. ఆ ఓకే పట్టుకుని వారమంతా నళిని కొట్టుకుపోయింది. ఎలాంటి ఓకే అది? రమ్మనే ఓకేనా, నీ ఖర్మ అనే ఓకేనా? ఎలా అందండీ, నవ్వుతూ అందా, విసుక్కుంటూ అందా అని అడిగితే, "ఓకే అంటే ఓకేనే నళినీ, దానికో రాగమా మళ్ళ" అని టీవీ వైపు తిరిగిపోయాడాయన. ఉండదూ మరి రాగం? ఆ మనిషికి ఏదీ వినపడదు, అందుకే కూతురు ఆయనతో హాయిగా మాట్లాడుతుంది, తనతో మాట్లాడదు.

బయట వాన. ఈ అమెరికా ఊళ్ళో, బాతెల్‌లో, వాన పడుతోందని ఎవరూ చెప్పుకోరు, పడకపోతే చెప్పుకుంటారు. పిలార్ కారు బయట తడుస్తోంది, నెలకో ఆదివారం మధ్యాహ్నం ఈ గ్యారేజీ కారుది కాదు మరి, నేల మీద ప్లైవుడ్ పలక పరిచి, చుట్టూ మడత కుర్చీలు వేసి, రీసైక్లింగ్ డబ్బాల పక్కన హీటరొకటి పెట్టి, దీన్ని ఫ్లమెంకో ఆటపాటల వాళ్ళ ఇల్లు చేసేస్తుంది. పిలార్‌ది స్పెయిన్, దక్షిణాన ఏదో ఊరు, ఎప్పుడో పెళ్ళి చేసుకుని ఈ చలిలోకి వచ్చి పడింది, అరవై దాటాయి, పాట ఎత్తుకుందంటే గోడకి తగిలించిన పారలు అదురుతాయి. మొదటిసారి ఆ గొంతు విన్నప్పుడు నళినికి ఒళ్ళు జలదరించింది, ఇది మన తోడి రాగం కదూ, తోడిని ఎవరో ఇంట్లోంచి వెళ్ళగొడితే ఎండలో ఏడ్చుకుంటూ పోతున్నట్టుంది కదూ అనుకుంది, ఆ మాట పక్కవాళ్ళకి చెప్దామంటే తోడి అంటే ఏమిటో చెప్పాలి, అది చెప్పేసరికి పాట అయిపోతుంది, ఊరుకుంది. ఇక్కడ ఊరుకోవడం బాగానే అలవాటైంది. ఇంట్లో ఆ అలవాటు ఉండుంటే ఈ గ్యారేజీకి రావలసిన పనే ఉండేది కాదు.

ఇక్కడో పద్ధతుంది. గిటారు నేర్చుకుంటానని వచ్చినవాళ్ళకి వెంటనే గిటారు పట్టే వీల్లేదు, పట్టొచ్చు కానీ నలుగురిలో వాయించే వీల్లేదు, నెలల తరబడి కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టాలి, కొట్టి కొట్టి ఆ పన్నెండు దెబ్బల చుట్టు ఒంట్లోకి ఎక్కాక, అప్పుడు గ్లెన్ లాంటివాళ్ళు తల ఊపితే, అప్పుడు ఒక్క పాటకి. మొదట్లో నళినికి ఒళ్ళు మండింది. తాళం నాకు నేర్పుతారా, కూచిపూడి పదేళ్ళు నేర్చుకుని, మరో పన్నెండేళ్ళు కూతురికి నేర్పి, వేదిక పక్కన తాళాలు పట్టుకుని జతులు చెప్పిన దాన్ని, నాకు చప్పట్లు నేర్పుతాడా ఈయన, బడిపిల్లలకి బాకాలు ఊదడం నేర్పి రిటైరైన ఈ పెద్దమనిషి? మొదటిరోజే ఆ పన్నెండునీ టక్కున పట్టేసింది కూడా, ఏముంది, తకిట తకిట తక తక తక, మూడు మూడు రెండు రెండు రెండు, చంటిపిల్లల లెక్క. గర్వంగా కొట్టింది. చుట్టూ ఉన్న చప్పట్లన్నీ ఒక్క క్షణం తడబడి, మర్యాదగా ఆగాయి. లెక్క సరిగ్గానే ఉంది నళినీ గారూ, కానీ మీరు ప్రతి ముక్కకీ మొదట్లో బరువు వేస్తున్నారు, మాకు బరువు చివర పడుతుంది అన్నాడు గ్లెన్. అంతే, పుట్టి మునిగింది. అదే తకిట, అదే తక, బరువు మాత్రం మొదట్లో కాదు, చివర్న, అన్నీ అయిపోయాక, అప్పటిదాకా ఓపిక పట్టాలి. నళినికి ఓపిక పట్టడానికే నెలలు పట్టింది. వంట చేస్తూ కొట్టుకునేది, ఆఫీస్ మీటింగ్‌లో మ్యూట్ పెట్టుకుని తొడ మీద కొట్టుకునేది, రాత్రి పక్క మీద వేలితో కొట్టుకుంటుంటే శశికాంత్ "పడుకోరాదె" అని దుప్పటి లాక్కునేవాడు.

గోళ్ళ సంగతి సరేసరి. ఈ గిటారుకి కుడిచేతి గోళ్ళు పెంచాలి, పెంచితే చాలదు, విరక్కుండా సూపర్ గ్లూ రాసి గట్టి చేసుకోవాలి, ఎడమచేతికి మాత్రం చివరంటా కత్తిరించాలి, దాంతో ఒక చెయ్యి రాక్షసిదీ ఒక చెయ్యి చంటిపిల్లదీ అయి కూర్చుంది. పప్పన్నం కలుపుకుంటే గోళ్ళలోకి పసుపు, ఆవకాయ కలుపుకుంటే ఆ రోజంతా చూపుడువేలు మంట, చివరికి ఏభై మూడేళ్ళ వయసులో చెంచాతో అన్నం తినడం మొదలుపెట్టింది. గుళ్ళో ఎవరో భవితగారు చూసి, ఏమండీ ఆ చెయ్యి అలా ఉందేమిటి, మొక్కా అని అడిగింది. అవునండీ మొక్కే అంది నళిని. అబద్ధమేమీ కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అనిక ముందు నడుస్తుంటే దాని వెనక నేను నడవాలి అని మొక్కుకుంది, దేవుడికి కాదు, తనకి తనే. ఎందుకంటే గ్లెన్ మొదటి పాఠంలోనే చెప్పిన మాట ఒకటుంది, చప్పట్ల మాట కాదు అది, దానికోసమే ఆ రోజు ఇంటికెళ్ళే దారిలో కారు పక్కకి ఆపుకుని ఏడ్చింది. ఇక్కడ గిటారు నాట్యాన్ని నడపదు నళినీ గారూ, నాట్యం గిటారుని నడుపుతుంది, ఆమె తొందరపడితే మీరు తొందరపడాలి, ఆమె ఆగితే మీరు ఆగాలి, ఎంతసేపు ఆగితే అంతసేపు, మీ చేతిని చూసుకోకండి, ఆమె పాదాల్ని చూడండి అన్నాడు.

మనదాంట్లో ఎప్పుడైనా ఉందా ఈ మాట? తాళాలు పట్టుకున్న మనిషి నడిపిస్తుంది, ఆడే పిల్ల నడుస్తుంది. బేస్‌మెంట్‌లో చెక్కపీట ముందు పెట్టుకుని, కర్రతో దాని మీద కొడుతూ, ఐదేళ్ళ పిల్లని ముందు నిలబెట్టి, తైయుం తత్తత, మళ్ళీ, తైయుం తత్తత, మోకాళ్ళు ఒంచు, మళ్ళీ, బయట పక్కింటి పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్న చప్పుడు కిటికీలోంచి వస్తుంటే అనిక కళ్ళు అటు పోయేవి, కర్ర టకామని మోగేది, కళ్ళు ఇటు వచ్చేవి. కొట్టిందా ఎప్పుడైనా? ఒక్కనాడు కొట్టలేదు, ఒట్టు, కర్ర పీటకే తగిలింది, పిల్లకి తగల్లేదు. కొట్టలేదు కదా అని ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉంది. అన్నం తినేటప్పుడు నమిలే లెక్క, జడ వేసేటప్పుడు పాయల లెక్క, డ్రైవింగ్ నేర్పేటప్పుడు బ్రేక్ మీద కాలెయ్యడానికి లెక్క, అది అప్పుడే వేసేసి ఉంటుంది కాలు, ఈవిడ నోరు ఊరుకోదు. "అమ్మా, నువ్ కౌంటింగ్ ఆపవు, నేను నిద్రపోతున్నా కౌంట్ చేస్తావ్" అని పదోక్లాసులో ఓసారి అంది, నవ్వుతూనే అంది అనుకుంది నళిని. రంగప్రవేశం అయ్యింది, పెద్ద హాలు, మూడువందల మంది చుట్టాలూ స్నేహితులూ, మైక్‌లో కేశవరావు అంకుల్ తల్లీకూతుళ్ళని ఆకాశానికెత్తేశాడు, ఒక్క అడుగు తప్పలేదు పిల్ల, ఒక్కటి. ఇంటికొచ్చి గజ్జెలు విప్పి పెట్టెలో పెట్టి మూత వేసింది, మళ్ళీ తియ్యలేదు. అలసిపోయింది పాపం అనుకుంది నళిని. కాలేజీకెళ్ళింది, ఉద్యోగంలో చేరింది, ఊళ్ళోనే వేరే ఇల్లు తీసుకుంది, పండగలకి వస్తుంది, వస్తే పచ్చడి బాగుందమ్మా అంటుంది, ఆఫీస్ ఎలా ఉందే అంటే బానే ఉంది అంటుంది, వెళ్ళొస్తా అంటుంది. పోట్లాడితే బాగుణ్ణు. పోట్లాట ఉంటే సర్దుబాటుంటుంది, మర్యాదకి ఏం సర్దుబాటుంటుంది?

ఆ తర్వాత శశికాంత్ ఫోన్‌లో ఒక వీడియో, కూతురు ఆయనకి పంపింది. ఎర్రపావడా, ఎత్తుమడమల బూట్లు, ఈ గ్యారేజీ పలక మీదే అనిక. ఆ కాళ్ళు ఎవరివో తల్లికి తెలీదూ? నాట్యం మానెయ్యలేదు పిల్ల, నా దగ్గర మానేసింది. ఎందుకటండీ నాకు చెప్పలేదు అంటే ఆయన చాలాసేపు నీళ్ళు నమిలాడు, నమిలి నమిలి, ఎప్పుడూ దేన్నీ దాచుకోలేని మనిషి కదా, చెప్పేశాడు. "అమ్మ లేని కాడ నాకు డాన్స్ వస్తదో రాదో చూసుకోవాలె నాన్నా అన్నది. నువ్వేం మనసుల పెట్టుకోకు." మనసులో పెట్టుకోక ఎక్కడ పెట్టుకుంటుంది? అమ్మ లేని చోట. ఆ మాట రాత్రంతా నమిలి, తెల్లారేసరికి తన వీలుకొద్దీ దానికో అర్థం చెప్పుకుంది, లెక్కపెట్టే అమ్మ లేని చోట అనే కదా, ఆ అమ్మని ఇంట్లో వదిలేసి వేరే మనిషిగా వెళ్తే? నడిపించే మనిషిగా కాదు, వెనక నడిచే మనిషిగా వెళ్తే? అలా పట్టింది గిటారు. చూస్తే ఎవరికైనా ఇది పిచ్చి అని తెలుస్తుంది, శశికాంత్‌కి కూడా తెలిసినట్టే ఉంది, ఒకటి రెండుసార్లు ఏదో అనబోయి ఆగిపోయాడు, నళిని ఆగనిచ్చింది. పిలార్‌కీ గ్లెన్‌కీ కూతురి సంగతి చెప్పలేదు, బుధవారాలు కొత్తవాళ్ళతో వచ్చేది, అనిక వచ్చే ఆదివారాలు రాకుండా తప్పించుకుంది, చేతికి పాట వచ్చేదాకా. ఇవాళ వచ్చింది. ఇవాళ సొలెయా వాయించొచ్చు మీరు అన్నాడు గ్లెన్, అది నెమ్మది పాట, దుఃఖం పాట, కొత్తవాళ్ళకి అదే ఇస్తారు, తొందర లేదు కనక.

తలుపు తెరుచుకుంది. గొడుగు ముందు వచ్చింది, గొడుగు వెనక అనిక. జుట్టు కత్తిరించేసింది, చెవుల దాకా, అయ్యో ఆ జుట్టు, ఎన్ని కుంకుడుకాయలు, నోరు మూసుకో నళినీ, బాగుంది, చాలా బాగుంది. అనిక గొడుగు మూసి మూలన పెట్టి, తలెత్తి, చప్పట్ల వరసలో ఒళ్ళో గిటారుతో కూర్చున్న తల్లిని చూసి, ఒక్క లిప్తపాటు అలా నిలబడిపోయింది. ఆ మొహంలో ఏముందో నళిని వెతుక్కుంది, కోపమా, కాదు, సంతోషమా, కాదు, ఎప్పుడో చిన్నప్పుడు బేస్‌మెంట్ కిటికీలోంచి సైకిళ్ళ వైపు చూసిన చూపులాంటిది ఏదో వచ్చి వెళ్ళిపోయింది. "హాయ్ అమ్మా" అంది.

అమ్మా అన్న మాట ప్రపంచంలో ఎవరికైనా అర్థమవుతుంది కాబోలు, పిలార్ పాట మధ్యలోనే ఆపి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఈమె మీ అమ్మా?" అని అనికని అడిగి, జవాబు కోసం చూడకుండా వచ్చి నళిని బుగ్గలు రెండూ ముద్దుపెట్టుకుంది, ఇన్నాళ్ళూ చెప్పవేం అని భుజం మీద కొట్టింది, మా ఇంట్లో ఇలాగే ఉండేది, అమ్మ పాడేది, అక్క ఆడేది, నాన్న వాయించేవాడు, ఇంక ఎదురుచూసేదేమిటి, తల్లి వాయిస్తుంది, కూతురు ఆడుతుంది, సొలెయా, ఇప్పుడే అంది. అందరూ కుర్చీలు జరుపుకున్నారు. వద్దంటుంది, వద్దనే హక్కుంది దానికి, వద్దంటే గిటారు మూసి సంచిలో పెట్టి, తెచ్చిన జంతికల డబ్బా కూడా వదిలేసి వెళ్ళిపోతాను, ఏమీ అనుకోను అని మనసులో ముందే ఒప్పుకుంది. అనిక వద్దనలేదు. బల్ల పక్కన కూర్చుని బూట్లు తొడుక్కుంది, పట్టీ బిగించుకుంది, లేచి పలక మీదకి వెళ్ళబోతూ తల్లి కుర్చీ దగ్గర ఆగి, వంగి, చెవిలో, ఎవరికీ వినపడకుండా, వాళ్ళ నాన్న యాసా అమెరికా యాసా కలిసిన ఆ తెలుగులో అడిగింది. "కౌంట్ చేయవు కదా? ప్రామిస్?"

"ప్రామిస్ తల్లీ" అంది నళిని. ఎన్నేళ్ళయింది దాని ఊపిరి ఇంత దగ్గరగా తగిలి. దాని షాంపూ వాసన కూడా మారిపోయింది.

తీగ మీద బొటనవేలు ఎలా పడిందో తెలీదు, పడింది. గ్లెన్ పక్కనే కూర్చుని చిన్నగా తోడు వాయిస్తున్నాడు, పిలార్ గొంతు ఎత్తింది, ఎండలో ఏడ్చుకుంటూ పోయే ఆ తోడి, చప్పట్లు మెత్తగా, అనిక పలక మధ్యలో నిలబడి ఏమీ చెయ్యలేదు ముందు, ఊరికే నిలబడింది, ఆ తర్వాత చెయ్యొకటి పైకి లేచింది, మణికట్టు తిరిగింది, ఇది నేను నేర్పింది కాదు అనుకుంది నళిని, వేళ్ళు విప్పడం ఇలా కాదు నేను నేర్పింది, అయినా ఎంత బాగుంది, నేను నేర్పనిది దీనికి ఎంత వచ్చు. పాదాల్ని చూడు. చేతిని చూసుకోకు, పాదాల్ని చూడు. పాదం కదిలితే తీగ కదిలింది, పాదం ఆగితే తీగ ఆగింది, అనిక మడమ రెండుసార్లు కొట్టి పిలిచింది, ఇదిగో ఇక్కడ ముగించు అని, నళిని ముగించింది, సరిగ్గా అక్కడే, ఒక్క వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా, అనిక కళ్ళెత్తి చూసింది, చూసి, కొంచెం, పెదవి చివర, నవ్వింది. దేవుడా, నవ్వింది. నళిని లోపల ఏదో కరిగి కిందకి జారిపోయింది. చిన్నప్పటినుంచీ ఇది ఇంత తేలికా, ఇలా వెనక నడవడం, ఇంత హాయా, అది ఎటు పోతుందో నాకు తెలియనక్కర్లేదు, అది పోతే నేను వస్తాను, ఎవరూ చెప్పలేదేమిటి నాకు, చెప్పారేమో, నాకే వినపడలేదేమో. అనిక అడుగులు మొదలెట్టింది, నెమ్మదిగా, వాన చూరు మీంచి కారినట్టు, ఒక్కొక్కటి, బరువు చివర్న పడేలా, మెల్లగా జోరు పెరిగింది, గిటారూ పెంచింది, పావడా అంచు రెండు చేతులా పట్టుకుని కాళ్ళు మాత్రం కనపడేలా, ఇంకా జోరు, ఇంకా, నళిని మణికట్టు నొప్పి పెడుతోంది, పెట్టనీ, ఇంకా, అప్పుడు అనిక ఆగిపోయింది.

పలక మధ్యలో, తల ఒక పక్కకి తిప్పి, చెయ్యి గాలిలో అలాగే, ఆగిపోయింది. ఇలా ఆగుతారు, తెలుసు నళినికి, గ్లెన్ చెప్పాడు, ఇది ఆడే మనిషి సొత్తు, ఈ నిశ్శబ్దం, ఎంతసేపు కావాలంటే అంతసేపు తీసుకుంటుంది, మీరు ఊపిరి బిగపట్టి ఆగడమే అన్నాడు. ఆగింది. చప్పట్లు కూడా ఆగాయి. వాన, హీటరు. ఒక చుట్టు పోయింది. అనిక కదల్లేదు. ఇంకో చుట్టు. కదల్లేదు, కళ్ళు నేల మీద ఉన్నాయి, గొంతు దగ్గర నరం కొట్టుకోవడం కనపడుతోంది, ఆ నరం, ఆ నేల చూపు, ఇది ఎక్కడో చూసింది, ఎక్కడో కాదు, ఎనిమిదేళ్ళప్పుడు, ఉగాది ఫంక్షన్, స్కూలు ఆడిటోరియం, పసుపు పట్టుబట్టలు, మధ్యలో అడుగు మరిచిపోయి ఇలాగే, సరిగ్గా ఇలాగే గాలిలో చెయ్యి పెట్టుకుని నిలబడిపోయిన బిడ్డ, గొంతు దగ్గర ఈ నరమే, అప్పుడు పక్కనుంచి తను జతి అందిస్తే కాళ్ళు అందుకున్నాయి, లోపలికొచ్చి నడుం చుట్టూ చేతులేసుకుని, నువ్వు చెప్పావు అమ్మా, నువ్వు చెప్పకపోతే నేను చచ్చిపోయేదాన్ని అంది, అలాగే అంది, ఎనిమిదేళ్ళ పిల్ల, చచ్చిపోయేదాన్ని అంది. ఇంకో చుట్టు. మరిచిపోయింది. ఇంతమంది ముందు, నా బిడ్డ, మరిచిపోయింది, ఎవరూ అందించరేమిటి, గ్లెన్ చూస్తున్నాడేమిటి అలా, మరిచిపోయింది.

"తకిట తకిట తక తక తక."

ఎవరి గొంతది? గట్టి గొంతు, బేస్‌మెంట్ గొంతు, కంచులా ఉంది, తన నోట్లోంచే వస్తోందని తెలిసేసరికి రెండో చుట్టు కూడా వచ్చేసింది, గిటారు చెక్క మీద గోళ్ళు కర్రలా టకటకా కొడుతున్నాయి, బరువు మొదట్లో, ప్రతి ముక్కకీ మొదట్లో. అనిక మొహం ఒక్కసారి తల్లి వైపు తిరిగింది. ఆ కళ్ళు చూశాక నళినికి అర్థమైంది, అది మరిచిపోలేదు. ఏమీ మరిచిపోలేదు. ఊరికే ఆగింది, తనకోసం, తన సొంతంగా. అర్థమయ్యేసరికి చాలా ఆలస్యమైంది, ఎందుకంటే కాళ్ళు అందుకున్నాయి. అనిక అందుకోలేదు, ఆ కాళ్ళు అందుకున్నాయి, ఐదేళ్ళప్పటినుంచీ ఆ గొంతుకి లేవడం నేర్చిన కాళ్ళు, అడుగున మేకులు కొట్టిన ఆ బూట్లలో కూచిపూడి అడుగు వేశాయి, మోకాళ్ళు వాటంతటవే ఒంగాయి, బరువు వాటంతటదే ముందుకొచ్చింది, ఆ మొహం వద్దు వద్దంటూనే ఉంది, కాళ్ళు తల్లి మాట వింటున్నాయి. నోరు ముయ్యాలి. ఇప్పుడు ముయ్యాలా, మధ్యలో ఆపేస్తే పడిపోతుందా, ఆపకపోతే ఇంకా ఎంత, అని నళిని గింజుకుంటుంటే చుట్టూ ఉన్నవాళ్ళు ఓలే, ఓలే అని వాళ్ళ భాషలో భేష్ చెప్తున్నారు, చప్పట్లు కూడా మారిపోయాయి, బరువు మొదట్లో వేసి కొడుతున్నారు, ఎంత బాగుందో వాళ్ళకి, పిలార్ కళ్ళు తుడుచుకుంటోంది. ఒక్క గ్లెన్ మాత్రం గిటారు తీగల మీద అరచెయ్యి పెట్టి మోగకుండా ఆపేసి, నేల వైపు చూస్తున్నాడు. ఆఖరి చుట్టు వచ్చింది, ముక్తాయింపు వేసింది నళిని నోరు, దాని మీద టకామని కాలు వేసి నిలిచింది అనిక, ఒక్క అడుగు తప్పలేదు.

గ్యారేజీ దద్దరిల్లింది. ఎవరో వచ్చి నళిని చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నారు, ఇది ఏమిటి, ఈ మాటలు ఏ భాష, మళ్ళీ నెల కూడా మీరిద్దరూ చెయ్యాలి, తప్పకుండా చెయ్యాలి, ఇంక మీరు చప్పట్లు కొట్టక్కర్లేదు, మీరు మాలో మనిషి అంటున్నారు, వాళ్ళ భుజాల సందుల్లోంచి అనిక కనపడుతోంది, వంగి అందరికీ నమస్కారం పెట్టింది, పెంపకం అలాంటిది, బల్ల పక్కన కూర్చుని బూట్ల పట్టీ విప్పుకుంటోంది, వేళ్ళు సరిగా పట్టుకోవడం లేదు, పట్టీ రావడం లేదు. నళిని లేచి వెళ్ళింది. వంగి విప్పుదామని చెయ్యి చాపి, ఆ పొడుగు గోళ్ళ చెయ్యి చూసుకుని, మళ్ళీ వెనక్కి తీసుకుంది. మరిచిపోయావనుకున్నానే, అందామనుకుంది. పడిపోతావని భయమేసిందే అందామనుకుంది. రెండూ నిజాలే, రెండూ ఎందుకూ పనికిరావు.

అనిక తలెత్తలేదు. ఏడవలేదు కూడా, అలసిపోయిన మనిషిలా, ఎంతో మర్యాదగా అంది. "ఇదొక్కటి నాది అనుకున్న అమ్మా."

"నేను మళ్ళీ రాను. ఒట్టు. నువ్వు రా తల్లీ, నువ్వు మానకు, నేను రాను" అంది నళిని.

"నీ తప్పు కాదు" అంది అనిక, బూట్లు చేత్తో పట్టుకుని లేస్తూ. "నువ్ చెప్పగానే నా లెగ్స్ వెళ్ళిపోయాయి. ఇంక నేను ఎక్కడికి వెళ్ళినా నీ కౌంట్‌కే వెళ్తాయి." గొడుగు తీసుకుంది. పిలార్‌ని కౌగలించుకుంది, ఏదో పనుందని చెప్పింది కాబోలు, పిలార్ బుగ్గ నిమిరి పంపించింది. తలుపు మూసుకుంది.

వెనకాలే వెళ్ళాలి, పరిగెత్తాలి, వానలో కారు దగ్గర పట్టుకోవాలి అని నళిని తలుపు వైపు అడుగు వెయ్యబోయి, ఆగింది. ఇప్పుడు కూడా వెంటపడతావా? కూర్చో. కూర్చుంది. ఇంకెవరు, ఇంకెవరు అంటోంది పిలార్, మెగన్ అనే పిల్ల సిగ్గుపడుతూ పలక ఎక్కింది, నర్సు, పొద్దుటి డ్యూటీ దిగి ఆ బట్టల మీదే పావడా కట్టుకొచ్చింది, నేర్చుకోవడం మొదలుపెట్టి ఎన్నాళ్ళో కాలేదు, నాక్కూడా సొలెయానే, నెమ్మదిది, నళిని వాయిస్తుందా అని అడిగింది. గ్లెన్ నళిని మొహం చూసి నేను వాయిస్తాలే అన్నాడు. ఫరవాలేదండీ, నేనే వాయిస్తాను అంది నళిని, ఎందుకందో తెలీదు, చేతులకి ఏదో ఒకటి లేకపోతే కష్టమనిపించింది. బొటనవేలు తీగ మీద వేసింది. బయట కారు స్టార్టయిన చప్పుడు, వైపర్లు, వెనక్కి తీసుకుంటోంది, డ్రైవ్‌వే చివర పోస్టు పెట్టెలు ఉన్నాయి చూసుకో, చూసుకుంటుంది, దానికి తెలుసు, వెళ్ళింది. మెగన్ అడుగులు వేస్తోంది, మోకాలు సరిగా ఒంగడం లేదు, చెయ్యి ఎటో పోతోంది, నళిని దాని పాదాల వెంట పోతోంది, తొందరపడితే తొందరపడింది, తడబడితే తను కూడా కొంచెం తడబడి దారి ఇచ్చింది. పలక మధ్యలో మెగన్ ఆగింది. నిజంగానే మరిచిపోయింది ఈ పిల్ల, మొహం చూస్తేనే తెలుస్తోంది, చెవులు ఎర్రబడ్డాయి, పెదవి కొరుక్కుంటోంది, ఒక చుట్టు పోయింది, రెండు చుట్లు పోయాయి. నళిని ఊరుకుంది. నోట్లో ఒక్క అక్షరం కదల్లేదు. మరిచిపోతే మరిచిపోనీ, కావలసినంతసేపు తీసుకోనీ, తీగల మీద చెయ్యి అలా ఆనించి కూర్చుంది, భయమన్నది ఎక్కడా లేదు, ఇలా ఎంతసేపైనా ఉండగలదు. అదీ, అలా, అన్నట్టు గ్లెన్ మెల్లగా తల ఊపాడు. పరాయి పిల్ల కదా, ఆగడం ఎంత సులువుగా ఉందో అనుకుంది నళిని, కళ్ళలోంచి కారేవి గిటారు మీద పడుతుంటే తుడుచుకోకుండా, ఆ పిల్ల పాదాల మీంచి చూపు తియ్యకుండా.